అమ్మ రూపాయి మీద, కొడుకు మార్కు మీద: 1895 నాటి ఆల్‌ఫ్రెడ్ వెండి నాణేన్ని గుర్తుపట్టడం, పరీక్షించడం, కొనడం

మన ఇళ్లలో చాలాచోట్ల విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటైనా దొరుకుతుంది. నాయనమ్మ పెట్టెలో గుడ్డలో మూటగట్టి ఉంటుంది, లేదంటే పూజగదిలో లక్ష్మీదేవి పటం ముందు కుంకుమ అంటుకుని ఉంటుంది. మా ఇంట్లోది రెండో రకం. ఆ రాణి రెండో కొడుకు ఆల్‌ఫ్రెడ్ బొమ్మతో కూడా వెండి నాణేలు ఉన్నాయి. అవి ఇంగ్లండువీ కావు, ఇండియావీ కావు. జర్మనీలో రెండు వేల చదరపు కిలోమీటర్లు కూడా నిండని సాక్సె-కోబుర్గ్-గోథా అనే చిన్న డచీ (డ్యూక్ పాలించే రాజ్యం) పేరున 1895లో, ఆ ఒక్క ఏడాదే అచ్చయ్యాయి. మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు. ఐదు మార్కులవి 4,000. రెండు మార్కులవి 15,000. అంతే.

తల్లి బొమ్మ ఉన్న రూపాయి, కొడుకు బొమ్మ ఉన్న మార్కు పక్కపక్కన పెట్టుకుని చూడాలన్న కోరికతోనే నేను ఈ నాణెం వెంట పడ్డాను. రెండు మార్కులది సంపాదించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఐదు మార్కులది ఇంకా నా చేతికి రాలేదు. ఈ దారిలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. అరుదైన నాణెం అనగానే అందరూ ముఖం వైపు చూస్తారు. కానీ అసలు సంగతి అంచు చెబుతుంది, తూకం చెబుతుంది. అమ్మేవాళ్లు చెప్పే కథ చివర్లో వినాలి. ఈ వ్యాసమంతా ఆ వరుసలోనే రాస్తున్నాను.

ముందు ఈ నాణెం ఎందుకు పుట్టిందో తెలుసుకోండి

కథ తెలిస్తే సగం దొంగ నాణేలు అక్కడే దొరికిపోతాయి. అందుకే దీన్ని దాటేయకండి.

1871లో జర్మనీ ఒకే సామ్రాజ్యం అయింది కానీ, లోపల రాజులు, గ్రాండ్ డ్యూకులు, డ్యూకులు, స్వేచ్ఛా నగరాలు అలాగే ఉండిపోయాయి. 1873 నాటి నాణేల చట్టం అందరినీ ఒకే మార్కు కిందికి తెచ్చింది. అయితే స్థానిక పాలకులకు ఒక గౌరవం మిగిల్చింది. రెండు మార్కులు, ఐదు మార్కుల వెండి నాణేలకు ఒక వైపు అందరికీ ఉమ్మడిగా సామ్రాజ్యపు గద్ద ఉంటుంది. రెండో వైపు ఆ ప్రాంతపు పాలకుడి తల, స్వేచ్ఛా నగరమైతే ఆ ఊరి చిహ్నం ఉంటుంది. పెద్ద రాజ్యమైన ప్రష్యా లక్షల సంఖ్యలో కొట్టించుకుంది. కోబుర్గ్-గోథా లాంటి చిన్న డచీల వంతుకు కొన్ని వేలు వచ్చాయి. ఈ నాణేలు అరుదు కావడానికి మొదటి కారణం ఇదే. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ తర్వాత ధరలు ఆకాశాన్నంటిన రోజులు చాలా వెండిని కరిగించేశాయి. అది రెండో కారణం.

మరి విక్టోరియా కొడుకు జర్మనీలో డ్యూక్ ఎలా అయ్యాడు? విక్టోరియా భర్త ఆల్బర్ట్ పుట్టిల్లు కోబుర్గే. ఆల్బర్ట్ అన్న రెండో ఎర్నెస్ట్ 1893 ఆగస్టులో పిల్లలు లేకుండా చనిపోయాడు. వారసత్వం తమ్ముడి బిడ్డలకు వచ్చింది. పెద్దవాడు ఎడ్వర్డ్ ఇంగ్లండు సింహాసనం ఎక్కాల్సినవాడు కాబట్టి ముందే హక్కు వదులుకున్నాడు. దాంతో నౌకాదళంలో పెద్ద అధికారిగా ఉన్న రెండోవాడు ఆల్‌ఫ్రెడ్ డ్యూక్ అయ్యాడు. ఇతనికి మన దేశం కొత్త కాదు. 1869-70లో ఇండియా వచ్చాడు, బ్రిటిష్ రాజకుటుంబం నుంచి ఇక్కడికి వచ్చిన మొదటి యువరాజు అతనే. బొంబాయిలో అతని పేరు పెట్టిన నావికుల భవనం ఇప్పుడు మహారాష్ట్ర పోలీసుల ప్రధాన కార్యాలయం.

ఆల్‌ఫ్రెడ్ పాలన ఏడేళ్లు కూడా సాగలేదు. ఒక్కగానొక్క కొడుకు 1899లో పోయాడు, తానూ 1900 జూలైలో పోయాడు. ఆ తర్వాత అతని తమ్ముడి కొడుకు, పదహారేళ్ల కార్ల్ ఎడ్వర్డ్ వచ్చాడు. 1918లో డచీయే పోయింది. కోబుర్గ్ జనం ఓటు వేసి బవేరియాలో కలిశారు, గోథా థురింగియాలో కలిసింది. నాణెం మీద పక్కపక్కన ఉన్న రెండు ఊళ్లు ఇవాళ రెండు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి.

మొదటి మెట్టు: పేరు, సంవత్సరం, అక్షరం

నాణెం చేతికి రాకముందే, ఫోటోలోనే చూడగలిగినవి ఇవి.

పాలకుడి వైపు గడ్డంతో ఉన్న ఆల్‌ఫ్రెడ్ తల, చుట్టూ అతని పేరు, ‘హెర్ట్‌సోగ్’ అనే మాట, సాక్సె, కోబుర్గ్, గోథా పేర్లు ఉంటాయి. హెర్ట్‌సోగ్ అంటే డ్యూక్. తల కింద చిన్నగా ‘ఎ’ (A) అక్షరం ఉండాలి. అది బెర్లిన్ టంకశాల గుర్తు. సంవత్సరం గద్ద వైపు ఉంటుంది, 1895 మాత్రమే. ఆల్‌ఫ్రెడ్ బొమ్మతో వేరే సంవత్సరం వేసిన వెండి మార్కు ఎవరైనా చూపిస్తే ఇక మాట్లాడాల్సిన పని లేదు. వేరే టంకశాల అక్షరం ఉన్నా అంతే.

రెండో ఎర్నెస్ట్ బొమ్మతో వెండి మార్కులు లేవు, అతని పేరున బంగారు ఇరవై మార్కులే వచ్చాయి. కాబట్టి మార్కు కాలంలో ఈ డచీ పేరున వచ్చిన మొట్టమొదటి వెండి నాణేలు ఈ 1895వే. తర్వాత కార్ల్ ఎడ్వర్డ్ బొమ్మతో 1905లో రెండు మార్కులు, 1907లో ఐదు మార్కులు వచ్చాయి. 1911 రెండు మార్కులు కూడా ఉంది కానీ, అది మరీ కొద్దిగా కొట్టినది, మనలాంటి వాళ్ల లెక్కలోకి రాదు.

కొత్తవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇంకొకటి ఉంది. ఆన్‌లైన్‌లో వెతికితే ‘ఆల్బర్ట్’, ‘సాక్సన్’ అన్న మాటలతో బోలెడన్ని నాణేలు కనిపిస్తాయి. విక్టోరియా భర్త ఆల్బర్ట్ అనుకుని సంబరపడిపోతారు. ఆయన కాదు. డ్రెస్డెన్ రాజధానిగా ఉన్న సాక్సనీ రాజ్యానికి 1873 నుంచి 1902 దాకా రాజు ఈ ఆల్బర్ట్. ఆ నాణేల మీద హెర్ట్‌సోగ్ ఉండదు, రాజు అని అర్థం వచ్చే ‘కోనిగ్’ ఉంటుంది. టంకశాల అక్షరం ‘ఇ’ (E). అవి సులువుగా దొరికే నాణేలు. అలాగే సాక్సె-మైనింగెన్, సాక్సె-ఆల్టెన్‌బుర్గ్, సాక్సె-వైమార్ అని పక్కనే ఇంకొన్ని చిన్న రాజ్యాలు ఉన్నాయి. వాటిలో అరుదైనవీ ఉన్నాయి, కానీ మన నాణెం అవి కాదు. పేరు చివరిదాకా చదవండి.

గద్ద వైపు కూడా ఒక గుర్తు ఉంది. 1870ల, 80ల నాణేల మీద గద్ద చిన్నది, దాని ఛాతీ మీద డాలు పెద్దది. 1880ల చివర్లో నమూనా మారింది. గద్ద నాణెం నిండా రెక్కలు చాపింది, డాలు చిన్నదైంది. 1895 నాణెం మీద ఈ పెద్ద గద్దే ఉండాలి. చిన్న గద్దతో 1895 అని రాసి ఉంటే అది ఎవరో తయారు చేసినదే.

వేలం జాబితాల్లో ‘యేగర్ 146’ అని కనిపిస్తే ఐదు మార్కులది, ‘యేగర్ 145’ అంటే రెండు మార్కులది. కుర్ట్ యేగర్ అనే ఆయన జర్మన్ నాణేలకు ఇచ్చిన వరుస సంఖ్యలు ఇవి. జర్మన్ రాకపోయినా ఈ సంఖ్యతో వెతికితే సరైన నాణెమే వస్తుంది.

రెండో మెట్టు: తోడుగా ఒక మామూలు నాణెం కొనండి

ఎవరైనా సలహా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. ఆల్‌ఫ్రెడ్ నాణెం కోసం డబ్బు పెట్టే ముందు, ప్రష్యా రాజు రెండో విల్‌హెల్మ్ బొమ్మ ఉన్న ఐదు మార్కులు ఒకటి కొనండి. 1891 నుంచి 1908 మధ్యది, ‘ఎ’ అక్షరం ఉన్నది. బాగా తిరిగిన నాణెమైతే వెండి ధరకు కాస్త పైన దొరుకుతుంది.

ఎందుకంటే అది కూడా బెర్లిన్‌లో పుట్టిందే. గద్ద అదే, అంచు అదే, బరువు అదే, లోహం అదే. తేడా అంతా తల ఉన్న వైపే. అసలైన నాణెం అంచు వేలికి ఎలా తగులుతుందో, అక్షరం గోడ ఎంత నిటారుగా లేస్తుందో, గద్ద ఈకలు ఎంత సన్నగా విడివిడిగా ఉంటాయో చేతికి అలవాటు కావాలి. వారం రోజులు రోజూ పది నిమిషాలు లెన్స్ పెట్టి చూడండి. ఆ తర్వాత నకిలీ మీ ముందుకొస్తే, ఏం తేడా ఉందో వెంటనే చెప్పలేకపోయినా మీ కన్ను అక్కడే ఆగిపోతుంది.

మూడో మెట్టు: తూకం, కొలత

0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా, ఒక వెర్నియర్ కాలిపర్ ఉంటే చాలు.

ఐదు మార్కులు 27.78 గ్రాములు, అడ్డం 38 మిల్లీమీటర్లు. రెండు మార్కులు 11.11 గ్రాములు, 28 మిల్లీమీటర్లు. రెండింటిలోనూ వెయ్యికి 900 పాళ్లు వెండి, మిగతాది రాగి. ఐదు మార్కుల్లో సరిగ్గా 25 గ్రాముల శుద్ధ వెండి ఉంటుంది, రెండు మార్కుల్లో 10 గ్రాములు. మన విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో ఒక తులం. అందులో వెండి వెయ్యికి దాదాపు 917 పాళ్లు. కాబట్టి రెండు మార్కులు అర గ్రాము తేడాతో తులానికి తక్కువ, ఐదు మార్కులు రెండున్నర తులాలకు కాస్త తక్కువ. ఈ లెక్క మనవాళ్లకు నోటికి పట్టేస్తుంది.

అరిగిన నాణెం కొద్దిగా తగ్గుతుంది, అది సహజం. ఐదు మార్కులది 27.5 చూపిస్తే కంగారు పడొద్దు. కానీ ముఖం మీద జుట్టు గీతలన్నీ కొత్తగా మెరుస్తూ, బరువు మాత్రం ఒక గ్రాము తక్కువ ఉంటే ఆ రెండూ కలవవు. బరువు ఎక్కువ ఉన్నా అనుమానమే.

నాలుగో మెట్టు: నీళ్ల పరీక్ష

తూకం, కొలత రెండూ సరిపోయేలా నకిలీలు చేయగలరు. లోహం సాంద్రత దగ్గర దొరికిపోతారు. ఈ పరీక్ష ఇంట్లో వంటగది బల్ల మీదే చేసుకోవచ్చు.

కాటా మీద చిన్న గాజు గ్లాసు పెట్టి, నాణెం మునిగేంత శుద్ధమైన నీళ్లు పోయండి. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ మంచిది. కాటాను సున్నా చేయండి. సన్నని దారానికి ముడి వేసి నాణేన్ని అందులో కూర్చోబెట్టి, మెల్లగా నీళ్లలోకి దించండి. పూర్తిగా మునగాలి, కానీ అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. నాణెం మీద గాలి బుడగలు ఉంటే కదిపి పోగొట్టండి. ఇప్పుడు కాటా చూపించే అంకె నాణెం పక్కకు నెట్టిన నీళ్ల బరువు. నాణెం అసలు బరువును ఈ అంకెతో భాగించండి. 900 పాళ్ల వెండికి దాదాపు 10.3 రావాలి.

అంటే ఐదు మార్కులకు కాటా మీద 2.69, 2.70 దగ్గర కనిపించాలి. వెండి పూత పూసిన రాగి-నికెల్ ముక్క అయితే అదే బరువుకు 3.1 దాటిపోతుంది. రెండు మార్కులకు 1.08 రావాలి. అంకె చిన్నది కాబట్టి మూడుసార్లు చేసి సగటు తీయండి. మా ఇంటి రూపాయితో నేను మొదట సాధన చేశాను. అది కూడా 10.3 పైనే వచ్చింది. రెండు దేశాల టంకశాలలు, ఒకటే జవాబు. ఆ సాయంత్రం నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

పరీక్ష అయ్యాక నాణేన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దండి. రుద్దొద్దు.

బంగారం షాపుల్లో ఉండే ఎక్స్‌రే టెస్టింగ్ మిషన్ మీద పెట్టించినా మంచిదే. నాణేనికి దెబ్బ తగలదు. కానీ అది పై పొరను మాత్రమే చదువుతుంది, మందంగా పూత పూస్తే మోసపోతుంది. కాబట్టి నీళ్ల పరీక్షకు తోడుగానే చూడండి. గీటురాయి మీద మాత్రం గీయనివ్వొద్దు. కంసాలికి అది రోజూ చేసే పని, మీ నాణేనికి జన్మంతా పోని మచ్చ. నాణెం ఇచ్చే ముందే, గీయొద్దని నోరు తెరిచి చెప్పండి.

ఐదో మెట్టు: అంచు

ఐదు మార్కుల నాణెం అంచు మీద ‘గాట్ మిట్ ఉన్స్’ అనే మూడు మాటలు ఉంటాయి. దేవుడు మనతో ఉన్నాడు అని అర్థం. మధ్యమధ్యన చిన్న అలంకారాలు ఉంటాయి. రెండు మార్కుల అంచుకు నిలువు గీతలు మాత్రమే ఉంటాయి. గీతల అంచుతో ఐదు మార్కులు వచ్చినా, నున్నటి అంచుతో ఏది వచ్చినా వెనక్కిచ్చేయండి.

ఒకసారి ఒక నాణేల ప్రదర్శనలో బల్ల మీద ఆల్‌ఫ్రెడ్ ఐదు మార్కులది కనిపించింది. గుండె ఆగినంత పనైంది. ముఖం చాలా బాగుంది, నల్లటి పాతదనం కూడా నమ్మేలా ఉంది. అడిగిన ధర నాకు అందుబాటులోకి వచ్చేలాగే ఉంది, అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. లెన్స్ తీసి అంచు తిప్పాను. అక్షరాలు ఉన్నాయి. కానీ అక్షరాల మధ్య నుంచి వెంట్రుక అంత సన్నని గీత నాణెం చుట్టూ తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలిసింది. రెండు ముక్కలు విడివిడిగా చేసి అతికించిన గుర్తు అది. అక్షరాల అంచులు కూడా సబ్బు ముక్క మీద అక్షరాల్లా మెత్తగా ఉన్నాయి. నా దగ్గరున్న ప్రష్యా నాణెం జేబులోంచి తీసి పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కట్టింది. నమస్కారం పెట్టి వచ్చేశాను. అమ్మే ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు.

అంచు దగ్గర వెతకాల్సింది ఇంకొకటి ఉంది. మన దగ్గర రూపాయిలకు కొక్కెం అతికించి దండలో వేసుకున్నట్టే, అక్కడా పెద్ద వెండి నాణేలను గొలుసులకు, బ్రోచ్‌లకు వాడేవారు. తర్వాత కొక్కెం తీసేసి అంచు సానబెడతారు. ఎక్కువగా తల పైభాగం దగ్గర, గడియారంలో పన్నెండు ఉండే చోట అతుకు మచ్చ, అరిగిపోయిన అక్షరం, రంగు తేడా కనిపిస్తాయి. ఇది నకిలీ కాదు, అసలైన నాణెమే. కానీ విలువ బాగా పడిపోతుంది. డబ్బు తక్కువగా ఉండి, అసలైన ఆల్‌ఫ్రెడ్ కావాలనుకునేవాళ్లకు ఇలాంటిది కొనడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. ధర మాత్రం ఆ మచ్చను బట్టే ఇవ్వండి.

ఆరో మెట్టు: ముఖం

ఇప్పుడు ముఖం దగ్గరికి రండి. బెర్లిన్ నాణేల మ్యూజియం తన సేకరణలో కొంత భాగం ఫోటోలతో ఆన్‌లైన్‌లో పెట్టింది. పెద్ద వేలం సంస్థలు, ఉదాహరణకు ఓస్నాబ్రూక్‌లోని క్యూంకర్, పాత వేలాల ఫోటోలు, పలికిన ధరలు చూడనిస్తాయి. కనీసం నాలుగైదు అసలైన ఆల్‌ఫ్రెడ్ నాణేల ఫోటోలు ఫోన్‌లో దాచుకోండి. చెవి ఆకారం, గడ్డం వెంట్రుకల పాయలు, ప్రతి అక్షరం పాదం, ‘ఎ’ అక్షరం తల కింద ఎంత దూరంలో ఉంది, అన్నీ పోల్చండి. అన్నీ ఒకే ఏడాది, ఒకే టంకశాలలో కొట్టినవి కాబట్టి పోలిక చాలా దగ్గరగా కుదరాలి.

పోతపోసిన నకిలీ నాణేలకు చదునైన జాగాలో చిన్న చిన్న గుంటలో బొడిపెలో ఉంటాయి. అసలైన నాణెంలో అచ్చు గట్టిగా కొట్టడం వల్ల వెండి నునుపుగా పరుచుకుని, వెలుతురులో తిప్పితే మెరుపు చక్రంలా తిరుగుతుంది.

నాణేన్ని నిలువుగా పట్టుకుని పుస్తకం పేజీ తిప్పినట్టు తిప్పండి. ఈ కాలపు జర్మన్ నాణేల్లో రెండో వైపు బొమ్మ కూడా నిటారుగానే రావాలి.

ఏడో మెట్టు: నాణెం స్థితి, జర్మన్ మాటలు

ధర మొత్తం స్థితి మీదే ఆధారపడి ఉంటుంది, అందుకే ఈ మాటలు నోటికి రావాలి. ‘ష్టెంపెల్‌గ్లాన్స్’ అంటే అచ్చు నుంచి వచ్చినట్టే ఉన్నది. ‘ఫోర్‌ట్సూక్‌లిష్’ అంటే చాలా కొద్దిగా అరిగినది. ‘జేయర్ షోన్’ అంటే బాగా చేతులు మారినా వివరాలు మిగిలినది. ఉత్త ‘షోన్’ అంటే అందమైనది అనే అర్థం, కానీ నాణేల భాషలో బాగా అరిగిందని. ఈ మాట దగ్గర చాలామంది పొరబడతారు. ‘పోలియర్టె ప్లాట్టె’ ప్రత్యేకంగా అద్దంలా కొట్టినది.

అంతకంటే ముఖ్యం, వివరణ చివర్లో చిన్నగా రాసే మాటలు. ‘రాండ్‌ఫేలర్’ అంటే అంచుకు దెబ్బ. ‘క్రాట్సర్’ అంటే గీత. ‘గెరైనిగ్ట్’ అంటే శుభ్రం చేసినది. ‘హెంకెల్‌ష్పూర్’ అంటే కొక్కెం మచ్చ. ‘నాఖ్‌ప్రేగుంగ్’ అని ఉంటే అది తర్వాతి కాలంలో కొట్టిన నకలు, ధర ఎంత తక్కువైనా దాని జోలికి వెళ్లకండి.

ఎనిమిదో మెట్టు: కొనడం, ఇంటికి తెచ్చుకోవడం

రెండు మార్కులది మన డబ్బుల్లో పదుల వేలల్లో, ఐదు మార్కులది మంచి స్థితిలో ఉంటే లక్షల్లో ఆలోచించాలి. ఎవరైనా ఐదు మార్కులది రెండు మూడు వేలకు ఇస్తానంటే జవాబు మీకు తెలిసే ఉంటుంది. వేలంలో పలికిన ధర మీద కొన్నవాళ్లు ఇవ్వాల్సిన రుసుము, సాధారణంగా 20 శాతం లేదా ఆ పైన ఉంటుంది. దాని మీద పంపే ఖర్చు, బీమా, బ్యాంకు చార్జీలు. ఇవన్నీ ముందే కూడి, మీ హద్దు ఒక కాగితం మీద రాసి, ఆ అంకె దగ్గర ఆగిపోండి.

కస్టమ్స్ సంగతి ముందుగా తేల్చుకోండి. నాణేల సేకరణ వస్తువుగా కస్టమ్స్ కోడ్ 9705 కింద చూస్తారా, మామూలు నాణెంగా 7118 కోడ్ కింద చూస్తారా అన్నదాన్ని బట్టి సుంకం మారుతుంది. అమ్మేవాళ్లు ఇచ్చే బిల్లులో నాణెం పేరు, సంవత్సరం, సేకరణ వస్తువు అన్న మాట స్పష్టంగా ఉండాలి. ఒక కస్టమ్స్ ఏజెంటును అడిగి, ఆ రోజుకు అమల్లో ఉన్న రేటు తెలుసుకున్నాకే వేలం పాడండి. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల చేత తెప్పించుకున్నా విమానాశ్రయంలో చెప్పాల్సింది చెప్పాలి. బ్యాగులో దాచి తెమ్మని పిల్లలకు చెప్పి వాళ్లను ఇబ్బందుల్లోకి నెట్టకండి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. నాణెం అసలుదని ధ్రువీకరించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు ఉన్నాయి. నాణెం ఇండియాకు వచ్చాక వాళ్లకు పంపుదాంలే అనుకోకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం కూడా పురావస్తువు కిందికే వస్తుంది, దాన్ని మామూలు వ్యక్తులు దేశం బయటికి పంపడం నేరం. 1895 నాణేనికి వందేళ్లు ఎప్పుడో దాటాయి. కాబట్టి సర్టిఫికెట్ కావాలంటే బయట ఉండగానే చేయించి తెప్పించుకోండి, లేదా ఇప్పటికే సీలు వేసి ఉన్నదే కొనండి. సీలు పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోతో మీ నాణేన్ని గీతకు గీత పోల్చండి. పెట్టెలకు కూడా నకిలీలు ఉన్నాయి.

కొనే స్తోమత లేకపోయినా చూడొచ్చు. బెర్లిన్‌లో బోడె మ్యూజియంలో, గోథాలో ఫ్రీడెన్‌ష్టైన్ కోటలో గొప్ప నాణేల సేకరణలు ఉన్నాయి. అక్కడి దాకా వెళ్లే మనవాళ్లు ఒక పూట కేటాయించండి.

తొమ్మిదో మెట్టు: దాచుకోవడం

కడగొద్దు. ఈ ఒక్క మాట మాత్రం దయచేసి వినండి. వెండి నల్లబడితే చింతపండుతోనో, విబూదితోనో, పళ్లపొడితోనో తోమడం మన ఇళ్లలో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. పూజ సామానుకు అది మంచిదే. నాణేనికి అది చావు. ఆ తోముడుకు పడే సన్నటి గీతలు లెన్స్ కింద చెరిపేసిన పలకలా కనిపిస్తాయి, నూట ముప్పై ఏళ్లు నిదానంగా పట్టిన రంగు ఒక్క నిమిషంలో పోతుంది. మా ఇంట్లో రూపాయికి ఆ గతి ఎన్నో పండగలకు పట్టింది. ఇప్పుడు దాని మీద రాణి కిరీటం వివరాలు చేతికి తగలవు. అందుకే ఆల్‌ఫ్రెడ్ ఇంటికి వచ్చిన రోజే ఇంట్లో అందరికీ చెప్పాను.

మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. కొన్నాళ్లకు పచ్చటి జిడ్డు దిగుతుంది. నాణెం సైజుకు సరిపోయే గట్టి క్యాప్సూల్ తీసుకోండి, ఐదు మార్కులకు 38, రెండు మార్కులకు 28 మిల్లీమీటర్లది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరం ఊళ్లలో ఉండేవాళ్లు డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెట్టి, వానాకాలంలో మార్చుకుంటూ ఉండాలి. పట్టుకున్నప్పుడు అంచు పట్టుకోండి, ముఖం మీద వేలు వద్దు. కింద మెత్తటి తువ్వాలు పరిచే చూడండి.

ఇక ఒక చీటీ రాయండి. మీ తర్వాత పెట్టె తెరిచేవాళ్లకు ఇది వెండి బిళ్లలా కనిపించి కంసాలి దగ్గరికి వెళ్లకూడదు. నా డబ్బాలో ఉన్న చీటీ ఇలా ఉంటుంది: “విక్టోరియా రూపాయి, నాయనమ్మది, అమ్మొద్దు. పక్కనున్నది ఆమె రెండో కొడుకు ఆల్‌ఫ్రెడ్, రెండు మార్కులు, 1895, బెర్లిన్, యేగర్ 145, బరువు 11.06 గ్రాములు. బిల్లు నీలం ఫైలులో ఉంది. తోమొద్దు.”